జమానతు మేక

పటాన్‌చెరులో ఎవరింట్లో మేక తెగినా కత్తి మాత్రం ముల్లా అబ్దుల్ గనీదే. పెళ్లయినా, మైసమ్మ పండగయినా, ముల్లా వచ్చి బిస్మిల్లా అని కోస్తేనే హిందువులు కూడా ఆ కూర ముట్టేవారు. తాతలనాటి వాడుక. తల, తోలు ముల్లా వంతు. మేక ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది అని గనీ ఏనాడూ అడగలేదు. పోలీస్ యాక్షన్ తర్వాతైతే అసలు ఎవరినీ ఏదీ అడగడమే మానేశాడు.

ఆ గడ్డురోజుల్లో ఎవరో అతని ఇంటి తాళం పగలగొట్టి లోపల కాపురం పెట్టేశారు. సంగారెడ్డి కచేరీ ముందు కూర్చుని అర్జీలు రాసే యాదగిరి పైసా పుచ్చుకోకుండా అర్జీ రాసిపెట్టాడు. రాసి ఊరుకోలేదు, తాసీల్దారు ముందు సాక్ష్యమూ చెప్పాడు. సాయిబు ఇంటితో నీకేం పనిరా అని నవ్వినవాళ్లకు, "ఎవని ఇల్లు వానిదే గద" అని ఒక్క మాట అనేసి నడిచాడు. ఇల్లు మళ్లీ గనీ చేతికొచ్చింది.

అదే యాదగిరి ఈ ఏడు వెలిమెల కౌలుదార్లను దొర వెళ్లగొడుతుంటే అడ్డం పడ్డాడు. దొర ఊరుకుంటాడా? గడ్డివాము తగలబెట్టాడని కేసు బనాయించి జైల్లో వేయించాడు. లోపల దగ్గితే నెత్తురు పడుతోందని చూసొచ్చినవాళ్లు చెప్పారు. సోమవారం నాటికి జమానతు కడితే బయటికొస్తాడు. లేకపోతే కేసు తేలేదాకా అక్కడే.

అతని కోసం ఒక రక్షణ కమిటీ లేచింది. అధ్యక్షుడు కల్లు గుత్తేదారు పెంటయ్య. కూలోళ్ల దగ్గర రూపాయలెక్కడివి, మేకో గొర్రో ఏది ఉంటే అది ఇవ్వండి, అంగట్లో అమ్మి జమానతు నేను కడతానన్నాడు. జనం నమ్మి తోలుకొచ్చి ఇచ్చారు. ఇక వారం వారం పట్నం నుంచి పెద్దమనుషులు దిగడం, యాదగిరి త్యాగం మీద ఉపన్యాసాలు దంచడం, పెంటయ్య ఇంట్లో మాంసం భోజనాలు చేసి బస్సెక్కడం. ఆ దావతులకు కోసింది గనీయే. పెంటయ్య సొంత మేకలే అనుకున్నాడు. మన యాదగిరి కోసం ఎంత ఖర్చు పెడుతున్నాడో మహానుభావుడు అని ఆ మనిషి పేర దువా కూడా చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ కబురొచ్చింది. కత్తి నూరుకుని వెళితే పెంటయ్య పెరట్లో గుంజకు నల్లమేక కట్టేసి ఉంది. కుడిచెవి కొస కోసి ఉంది. గనీ గుర్తుపట్టాడు. అది వెలిమెల ముత్యమ్మ మైసమ్మకు విడిచిన మేక. ఆమెకున్నది అదొక్కటే. మొన్ననే దారిలో తోలుకొస్తూ ఎదురైంది. ఏడికక్కా అంటే, "యాదగిరి జమానతుకు భాయ్. ఒక్క ఏడు ఆగు తల్లీ అని మైసమ్మకు చెప్పుకున్న. ఆమె ఆగుతది, ఆ పిల్లగాని దగ్గు ఆగదు" అంది.

"సేట్, ఇది జమానతు మేక గద" అన్నాడు గనీ. కోయాల్సిన మేక గురించి ఇన్నేళ్లలో అతడు అడిగిన మొదటి ప్రశ్న అది.

"అవ్, అయితేంది?" అన్నాడు పెంటయ్య పళ్లు కుట్టుకుంటూ. "వచ్చినోళ్లను ఉపాసం పంపిస్తమా? వాళ్ల కడుపు నిండితేనే పట్నంల నాలుగు మాటలు మాట్లాడ్తరు. జల్దీ కానీ."

"మరి ఇంతకుముందు కోసినయి?"

"అవి గూడ గవే. నువ్వేమన్న ఉత్తగ కోసినవా? తలకాయ తింటివి, తోలు కొండవోతివి. ఇయ్యాల కొత్తగ నీతులు పుట్టినయా?"

పీనుగ మీద పేలాలు ఏరుకుతినడం అంటారు. ఇక్కడ మనిషింకా పీనుగ కాలేదు, లోపల దగ్గుతూనే ఉన్నాడు, వీళ్లు ఏరుకోవడం మొదలుపెట్టేశారు. గనీకి పెంటయ్య మీద పుట్టిన రోత ఎంతకీ అక్కడ నిలవదే, తిరిగి తన మీదికే వస్తోంది. ఆ తలకాయలు భార్య సకీనా మసాలా దట్టించి వండితే బొక్కలు చీకిన నోరు ఇదే కదా. అతడు కత్తి ఒరలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

వెనక కొట్టంలో ఉప్పు చల్లి పేర్చిన తోళ్లున్నాయి. తోళ్ల వ్యాపారి ఇంకా రాలేదు. గనీ వాటిని గోనెలోకి ఎత్తుతుంటే సకీనా వచ్చి అడ్డం నిలబడింది.

"వాళ్లతోని పెట్టుకుంటే మనల్ని ఈ ఇంట్ల ఉండనిస్తరా?"

"ఈ ఇల్లు మనకెట్ల వచ్చింది సకీనా?"

ఆమె వంగి గోనె రెండో కొస పట్టుకుంది.

ఆ సాయంత్రం పెంటయ్య ఇంటి ముందు సభలో పట్నం పెద్దమనిషి గొంతు పూడుకుపోయేలా మాట్లాడుతున్నాడు. యాదగిరి మన గుండెల్లో ఉన్నాడట. జైల్లో ఉన్నాడని ఎవరైనా చెబితే బాగుండేది. గనీ వేదిక ముందుకొచ్చి గోనె దులిపి, తోళ్లు ఒక్కొక్కటే నేలమీద పరిచాడు. ముతక కంపు గుప్పుమంది. పెద్దమనిషి చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ముందు ఆ కంపు తీయించండయ్యా" అన్నాడు.

"రజాకారోడు సభ చెడగొడ్తున్నడు, బయటికి గుంజుండ్రి" అన్నాడు పెంటయ్య. ఎవరూ కదల్లేదు. అందరి కళ్లూ నేలమీదే ఉన్నాయి. బొల్లారం మొగులమ్మ లేచి వచ్చి ఒక తోలు ముందు కూలబడి చేత్తో నిమిరింది. "వీపు మీద తెల్లచుక్క. ఇది మాదే" అంది. వెనక నుంచి ఒక ముసలాయన వచ్చాడు. "ఈ బొల్లిది నేనిచ్చిన" అన్నాడు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు వచ్చి ఎవరి మేకను వాళ్లు గుర్తుపట్టారు. వేదిక మీదివాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఎవడు కోసిండు?" అంది మొగులమ్మ తలెత్తకుండానే.

"నేనే కోసిన" అన్నాడు గనీ. "తలకాయలు గూడ నేనే తిన్న. ఎవరియి అని ఒక్కనాడు అడగలే."

ముత్యమ్మ ఎప్పుడు లేచిందో, పెంటయ్య పెరట్లోకి పోయి తన మేకను విప్పుకొచ్చింది. వచ్చి గనీ ఎదుట నిలబడింది. తిడుతుందని, కొడుతుందని అతడు తల వంచుకున్నాడు. ఆమె కాండ్రించి ఉమ్మింది. అతని మీద కాదు, పక్కన నేల మీద. మేక తాడు అతని చేతిలో పెట్టింది.

"పొద్దుగాల సంగారెడ్డి తోల్కపోయి అమ్ముదువు. ఆ తోళ్లు గూడ వట్టు. అమ్మినంక కోర్టుకు వోదం, తక్కువవడ్తె ఆడనే అడుక్కుందం. నేను గూడ నీ యెంట వస్త."

"నేను తీస్కపోత తియ్యక్కా. గంత దూరం నువ్వెందుకు?" అన్నాడు గనీ.

"నిన్ను నమ్మలే" అంది ముత్యమ్మ.