తేట సీసా

పొద్దున్నే కూతురు అబిగయీలు పోసిన మొదటి మూత్రాన్ని ఎస్తేరమ్మ ఎప్పటిలాగే దొడ్లో పారబోసింది. అది టీ డికాక్షన్ రంగులో ఉంది. అలాంటిదాన్ని సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వడానికి ఆమెకు మనసొప్పదు. పిల్లకు కొబ్బరినీళ్ళు పట్టించి, పైన చెంబెడు మజ్జిగ తాగించి, తేటగా వచ్చేదాకా కాచుకుని అప్పుడు పట్టింది. సీసాను పైటకొంగుతో తుడిచింది.

ఆమె బతుకంతా అదే వరస. కోట ఊరి దగ్గర రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని. మంచునీళ్ళలో నాని నాని వేళ్ళు పాలిపోయాయి, గోళ్ళు ఒరుసుకుపోయాయి. తట్టలో ఒక్క నల్లబడ్డ రొయ్య కనబడినా సూపర్వైజరు తట్టంతా వెనక్కి తోస్తాడు. అందుకే ఏరి, కడిగి, మళ్ళీ కడిగి గాని ఆమె ఏదీ ఎవరి చేతికీ ఇవ్వదు. ఇన్నేళ్ళలో ఆమె తట్ట ఒక్కసారీ తిరిగి రాలేదు. మెచ్చుకున్నవాళ్ళూ లేరు, అది వేరే సంగతి.

వానల్లో జలుబు చేసి తగ్గాక తొమ్మిదేళ్ళ అబిగయీలుకు కాళ్ళనిండా ఊదారంగు మచ్చలు లేచాయి, కడుపునొప్పి పట్టుకుంది. సన్నటి రక్తనాళాలు వాచాయన్నాడు నెల్లూరులో పిల్లల డాక్టరు. మచ్చలు పోతాయి, నొప్పీ పోతుంది, కిడ్నీలకు పాకితే మాత్రం పిల్లకు తెలియదు, ముందు మూత్రంలోనే బయటపడుతుంది, నిద్ర లేవగానే పోసింది వారం వారం పరీక్ష చేయించమన్నాడు. ఎస్తేరమ్మ తలూపింది. వారం తప్పకుండా ఇచ్చింది కూడా. ఊళ్ళో ఆరోగ్యకేంద్రం నర్సు సుప్రియ అందులో, జబ్బుంటే రంగు మారే కాగితపు పట్టీ ముంచి చూసి "బాగుందక్కా" అన్నప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోయేది.

ఈ వేళ ముఖం ఉబ్బిందని పిల్లను కూడా వెంటబెట్టుకుపోయింది. సుప్రియ అబిగయీలు కాలిమీద వేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. పట్టీ మాత్రం రంగు మారీ మారనట్టుంది.

"అక్కా, ఇది పొద్దున లేస్తానే పట్టిందేనా?"

"అది యాడ ఇస్తామమ్మా. ఎర్రగా, మురిగ్గా ఉంటది. అది పారబోసి మంచిది పట్టుకొచ్చినా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ అంతే గదమ్మా."

సుప్రియ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, అంబులెన్సుకు ఫోను చేసింది. పొద్దుటిది పారబోయడంతో జబ్బు పట్టీకి దొరకలేదని, కిడ్నీలు దెబ్బతిన్నాయని ఫోనులో ఆమె చెబుతుంటే ఎస్తేరమ్మకు అప్పుడు తెలిసింది. బిడ్డ ఒళ్ళు రోజూ పొద్దున్నే చెబుతున్న సంగతిని రెండు నెలలుగా తన చేత్తోనే దొడ్లో పారబోసింది.

అంబులెన్సు వెంకటాచలం ఊరు దాటుతుండగా అబిగయీలు ఆయాసపడుతూ తల్లి ఒడిలోకి జరిగింది.

"అమ్మా, ఈ తూరి మంచిది పట్టలేదా?"

"పట్టినా బంగారూ. మంచిదే పట్టినా."

నెల్లూరు చేరేసరికి పిలిస్తే పలకలేదు. డాక్టరు చూసి తలవంచుకున్నాడు.

మర్నాడు పిల్లను సమాధి చేసి వచ్చి ఎస్తేరమ్మ దొడ్లోకి పోయి నిలబడింది. గోడమీద, వచ్చే వారానికని ముందే కడిగి బోర్లించిన ఇంకో సీసా ఎండలో ఆరుతోంది, మరకన్నది లేకుండా.