నూనె వేసిన గేటు

పై బందుకు నూనె, కింది బందుకు నూనె, చివరగా గడియకు. ఎల్డన్ వావ్రా నూనె డబ్బాను గోడ మేకుకు తగిలించి, గేటును ఒక్క వేలితో తోశాడు. ఎద్దు గుద్దినా వంగని ఇనుప గేటు అది. చప్పుడు లేకుండా తెరుచుకుంది. చప్పుడు లేకుండానే వచ్చి మూసుకుంది.

తోసిన ఆ వేలికి పై కణుపు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే గేటు దాన్ని నలిపేసింది. అప్పటినుంచీ ఎల్డన్ దానికి నూనె వేయడం మానలేదు.

గురువారం. నెబ్రాస్కాలో, గడ్డి కొండల మధ్య ఉన్న ఆ ఊళ్లో గురువారమంటే పశువుల వేలం. తెల్లవారకముందే బయట ట్రక్కులు బారులు తీరాయి. లోపల వేలంశాల కాఫీగదిలో ఓపల్ దాల్చినచెక్క రొట్టెలు పొయ్యిలోంచి తీస్తోంది. ఆ వాసన పేడ వాసనతో కలిసి ఎల్డన్ చొక్కాలోకి ఎన్నడో ఇంకిపోయింది. ఎంత ఉతికినా పోదు.

మనిషి ఆరడుగుల పైమాటే, కానీ నడుం దగ్గర వంగిపోయాడు. ఎడమ మోకాలు మడత పడదు. దాణా కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన టోపీ, దాని అంచున తెల్లటి చెమట గీత. ముఖం ఎండకు కాలి ముడతలు పడితే, టోపీ కింద నుదురు మాత్రం పసిపిల్లాడి నుదురులా తెల్లగా ఉంటుంది. ఎడమ తలుపులోంచి పశువు బరిలోకి వస్తుంది. నలుగురికీ కనబడేలా ఎల్డన్ దాన్ని ఒక చుట్టు తిప్పుతాడు. పాట ముగిసి సుత్తి పడగానే కుడి గేటు తీస్తాడు, పశువు వెళ్లిపోతుంది. అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు బోర్డు మీద పడతాయి. గేటు తీసినవాడి పేరు ఎక్కడా పడదు. పడాలని ఎల్డన్ ఎప్పుడూ అనుకోలేదు.

"తాతా, దీన్ని కొట్టకు."

వెనక్కి తిరిగాడు. బ్రాండ్ వాళ్ల అమ్మాయి జోసీ. తొమ్మిదేళ్ల పిల్ల, కనుబొమల దాకా దిగిన ఊలు టోపీ, చేతిలో పలుపు. పలుపు చివర ఎర్ర కోడెదూడ తీరిగ్గా నములుతోంది.

"నేనెప్పుడు కొట్టానే?"

"చేతిలో కర్ర ఉందిగా."

"అది నా మోకాలికి. దీని పేరేంటి?"

"మేయరు. రోజంతా తింటాడు, ఒక్క పనీ చెయ్యడు."

ఎల్డన్ పెదవి ఒక పక్కకి కదిలింది. అతని నవ్వంటే అంతే.

ఏటా ఈ రోజున మొదటి వేలం పిల్లల క్యాన్సర్ పరిశోధనకి. ఎవరో ఒకరు ఓ దూడను ఇస్తారు. ఈసారి ఇచ్చింది జోసీయే. తన చేత్తో పాలు పట్టి పెంచిన దూడ.

"నా మందు నాకు పనిచేస్తోంది తాతా. నా పక్క మంచం అబ్బాయికి చెయ్యట్లేదు. ఎందుకో డాక్టరమ్మకి తెలీదంట. ఇంకో ఏడాది పరిశోధన చేస్తే తెలుస్తుందంట. దానికి డబ్బుల్లేవంట."

జోసీ వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పేసి, పలుపు అతని చేతికిచ్చి, జనం కూర్చునే మెట్ల మీదికి వెళ్లిపోయింది. ఎల్డన్ పలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

తెలీదు. ఆ మాట అతనికి కొత్త కాదు. నలభై ఏళ్ల కిందట పట్నంలో, ఆసుపత్రి నడవాలో, ఒక కుర్ర డాక్టరు తల దించుకుని అదే మాట అన్నాడు. "ఈ జబ్బు గురించి మాకింకా ఏమీ తెలీదండీ." కొడుకు బెన్‌కి అప్పుడు ఏడేళ్లు. డాక్టరు మీద ఎల్డన్‌కి కోపం రాలేదు. నిజం చెప్పినవాడి మీద కోపం ఎలా వస్తుంది? కానీ ఆ మాట మరో తండ్రి వినకుండా పోవాలని మాత్రం కోరుకున్నాడు. జీతం చాలీచాలనిది. బరిలో పనిచేసేవాడు వేలంపాట పాడకూడదన్నది వేలంశాల నియమం. అందుకే ఏటా ఇలా ఇచ్చిన దూడను బరిలో తిప్పడమే అతను ఇవ్వగలిగిన చందా.

మెట్లు నిండాయి. వేలం నడిపే గస్ లిండ్‌క్విస్ట్ మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఎల్డన్ మేయరును ఒక చుట్టు తిప్పాడు.

ఇక్కడి పద్ధతి ఇది. పాట గెలిచినవాడు డబ్బు కడతాడు, దూడను తీసుకుపోడు. "మళ్లీ అమ్మండి" అంటాడు. అదే దూడ మళ్లీ పాటకు వస్తుంది. ఊళ్లో ఓపిక ఉన్నంతసేపు వస్తూనే ఉంటుంది. అయితే ఆ మాట కొన్నవాడి నోట తనంతట తాను రావాలి. అడగడం తప్పు. సైగ చేయడం కూడా తప్పు.

మొదటి పాటను ఎవరూ గట్టిగా పాడరు. అందరూ తర్వాతి పాటల కోసం చెయ్యి దాచుకుంటారు. ఎవరో ఒకరు తక్కువలో కొని వెనక్కిచ్చేస్తే అసలు జోరు మొదలవుతుంది. ఈసారి కూడా అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

టాలీ. కొలరాడో నుంచి వచ్చిన కొనుగోలుదారు. ఈ వేలంశాలకి రావడం అతనికి ఇదే మొదలు. ఈ దూడ సంగతి గస్ మొదట్లో చెప్పినప్పుడు ఫోన్లో ఉన్నాడు. బలమైన దూడ కారుచౌకగా పోతోందని చూసి చెయ్యెత్తాడు. పైపాట పాడదామని ఎవరైనా అనుకునేలోపే, అలవాటు కొద్దీ గస్ సుత్తి కొట్టేశాడు.

పడిన సుత్తి పడిందే.

"సరే. నా ట్రక్కులోకి ఎక్కించండి," అన్నాడు టాలీ, కాగితాల మీద ఏదో రాసుకుంటూ.

వేలంశాల బిగుసుకుపోయింది. ఎవరూ ఏమీ అనలేరు. గస్ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. జోసీ తండ్రి బూట్ల వైపు చూసుకుంటున్నాడు. దూడ ఆ గేటు దాటితే పని అయిపోయినట్టే. ఏడాది పరిశోధన ఒక్క దూడ ధరకి ముగిసినట్టే.

అందరి చూపూ కుడి గేటు మీద పడింది.

ఎల్డన్ గడియ మీద చెయ్యి వేశాడు. తీయలేదు.

మేయరు గేటు దాకా వచ్చి, వాసన చూసి, ఆగింది. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది.

టాలీ తలెత్తాడు. "ఏమయ్యా పెద్దాయనా, గేటు తియ్యవేం?"

"రావట్లేదండీ."

"ఎందుకని?"

ఎల్డన్ ఈ బరిలో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. అసలు మాట్లాడిందే తక్కువ.

"ఇరుక్కుందండీ."

ఆ గేటు సంగతి తెలియని మనిషి ఆ ఊళ్లో లేడు. గాలి వీస్తే తెరుచుకునే గేటు అది. మెట్ల మీద ఒకాయన దగ్గు వచ్చినట్టు నటించి ముఖం కప్పుకున్నాడు. ఎల్డన్ గేటును రెండు చేతులతో పట్టుకుని, పళ్లు బిగించి, ఒకసారి లాగాడు. గడియ తీయకుండా ఎంత లాగితే ఏం లాభం.

కాఫీగది కిటికీలోంచి ఓపల్ తల బయటికి పెట్టింది. "దాని తీరే అంత బాబూ. ఏడాదికి ఒక్కరోజు అలా మొరాయిస్తుంది. పోయినేడాది పొద్దున ఇరుక్కుంటే మధ్యాహ్నానికి గానీ రాలేదు."

"మరి బాగు చేయించుకోరా?"

"ఎందుకు? మిగతా రోజులు బాగానే ఉంటుందిగా."

ఈసారి కొందరు నవ్వేశారు. టాలీ నవ్వలేదు. కాగితాలు పక్కన పెట్టాడు. గేటును చూశాడు. మెరుస్తున్న బందుల్ని, వాటినుంచి కారుతున్న తాజా నూనెను చూశాడు. కణుపు లేని వేలు గడియను ఎలా పట్టుకుందో చూశాడు. ఆ తర్వాత మొదటి వరసలో, కనుబొమల దాకా ఊలు టోపీ దిగిన పిల్ల దగ్గర అతని చూపు ఆగిపోయింది.

తన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయితే దూడను బయటికి తీసుకుపోవడం కుదరదన్నమాట."

"కుదిరేలా లేదండీ," అన్నాడు ఎల్డన్.

"బయటికి రాని దూడతో నేనేం చేసుకోను? డబ్బు కట్టేస్తాను." టాలీ గస్ వైపు తిరిగాడు. "మళ్లీ అమ్మండి."

వేలంశాల కప్పు లేచిపోయిందేమో అనిపించింది. బూట్లు చెక్క మెట్ల మీద దడదడలాడాయి. మేయరు బెదిరి ఎల్డన్ వెనక దాక్కుంది.

ఇక ఆగలేదు. దాణా కొట్టువాడు కొని మళ్లీ అమ్మమన్నాడు. బడి బస్సు నడిపే ఆవిడ కొని మళ్లీ అమ్మమంది. కంచె తగాదాతో ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు పంతంగా పాడి, చివరికి సగం సగం అనుకుని, పక్కపక్కన కూర్చుని మళ్లీ అమ్మమన్నారు. ఓపల్ చేతికి అంటిన పిండి దులుపుకుంటూ వచ్చి, "రేపటిదాకా కాఫీ ఎవరికీ అప్పివ్వను," అని ప్రకటించి మరీ పాడింది. ప్రతిసారీ సుత్తి పడగానే ఎల్డన్ గేటు దగ్గరికి కుంటుతూ వెళ్లి, గంభీరంగా లాగి చూసి, తల అడ్డంగా ఊపేవాడు. ప్రతిసారీ మెట్లు దద్దరిల్లేవి.

గస్ గొంతు బొంగురుపోయింది. చివరి పాట టాలీయే గెలిచాడు. "దూడ ఆ పిల్లది," అన్నాడు. గస్ లెక్క చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"పరిశోధనకి ఏడాది అడిగారు కదా. రెండేళ్లు నడుస్తుంది," అన్నాడు మైకులో.

జోసీ బరిలోకి దిగింది. ఎల్డన్ గడియ తీసి, ఒక్క వేలితో గేటును తోశాడు. చప్పుడు లేకుండా తెరుచుకుంది. పిల్లా దూడా బయటికి నడిచారు.

టాలీ బరి చుట్టూ ఉన్న కటకటాల దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడెలా వచ్చిందయ్యా?"

"నూనె వేశానండీ."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

సాయంత్రం దాకా మామూలు వేలం సాగింది. ఎల్డన్ మామూలుగానే గేటు తీశాడు, వేశాడు. అందరూ వెళ్లాక బరి ఊడ్చాడు. ఓపల్ కాగితంలో చుట్టి ఇచ్చిన రొట్టెను జేబులో పెట్టుకున్నాడు.

"నీకు అబద్ధం ఆడటం రాదోయ్," అంది ఆవిడ.

"ఇక ఆడనులే." తలుపు దగ్గర ఆగాడు. "ఆ డాక్టర్లకి తెలుస్తుందంటావా ఓపల్? ఎందుకో?"

"తెలుసుకుంటారు. రెండేళ్లు ఇచ్చాం కదా."

ఎల్డన్ తల ఊపి, పికప్ ఎక్కి ఇంటికి వెళ్లాడు. శనివారం మధ్యాహ్నం వాకిట్లో కుర్చీలో కూర్చుని, ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే పోయాడు. ముఖం మీద, ఒక పక్కకి, అతని నవ్వు ఉంది.

ఆ తర్వాతి గురువారం ఊరంతా అతన్ని సాగనంపింది, వేలం జరగలేదు. ఆ పై వారం వానలో తడిసిన పశువులతో వేలంశాల మళ్లీ తెరిచారు. మొదట ఒక బక్క ఆవు వచ్చింది. టాలీ కొన్నాడు. సుత్తి పడింది. గేటు దగ్గర కొత్త మనిషి గడియ తీసి తోశాడు. గేటు కీచుమని అరిచి, సగంలో ఆగిపోయింది. భుజం పెట్టి నెట్టాడు. కదల్లేదు.

"ఏమైంది?" అన్నాడు గస్.

"ఇరుక్కుందండీ. నిజంగానే."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో టాలీ లేచి, టోపీ తీశాడు.

"మళ్లీ అమ్మండి," అన్నాడు. "డబ్బు ఎవరికి చేరాలో తెలుసుగా."

ఇప్పటికీ ఆ గేటు ఏదో ఒక గురువారం ఇరుక్కుంటూనే ఉంది, ఆ రోజు కొన్నవాడు మళ్లీ అమ్మమంటూనే ఉన్నాడు. పక్క గోడ మేకుకు ఎల్డన్ నూనె డబ్బా వేలాడుతోంది, సగం నిండుగా. రోజూ అందరూ దాని పక్కనుంచే వెళతారు. ఎవరూ దాన్ని దించరు.