శ్రీమతి జోషి వంతు

"నల్ల కాడ పంచాయితీ తెంపినంత అల్కగ ఉంటదా వకీలు సదువు?" అన్నాడు మా ఆయన గంగారాం, నేను బిందెలు తోముతుంటే.

ఎగతాళికి అన్నా అందులో నిజముంది. కామాటిపురలో మా చాల్ భవనంలో అంతస్తుకు పద్నాలుగు ఒంటిగది ఖోలీలు, ఒకటే నల్లా, పక్కనే ఒకటే స్నానాల గది. నీళ్లు పొద్దున రెండు గంటలే. ఎవరి తర్వాత ఎవరో తొమ్మిదేళ్లుగా వంతులు రాసేది నేనే. రత్నాబాయి, కిష్టమ్మల వంతులు పక్కపక్కన పడితే జుట్లు పట్టుకుంటారు. రేవులో పనికి పోయే దుర్గయ్య ఐదున్నరకల్లా స్నానం చేసేయాలి. బాలింత ఉన్న ఇంటికి రెండు బిందెలు ఎక్కువ. దాన్ని ఎవరూ తెలివి అనలేదు, ఖాళీగా ఉంటుంది కాబట్టి రాస్తుంది అన్నారు. ఖాళీ అంటే, ఫోర్ట్ పేటలో ఒక వకీలు దగ్గర రోజంతా టైపు కొట్టి, వచ్చి ఆరుగురికి రొట్టెలు చేయడం. ఆ వకీలు నేను దిద్దిన కాగితాల మీద సంతకం పెట్టి, నన్ను "టైపు అమ్మాయి" అంటాడు.

నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లికి ముందే బి.ఏ. అయింది. సాయంత్రం లా కాలేజీ ప్రవేశ పరీక్ష ఈసారి రాయకపోతే, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

కింది అంతస్తులో ఉండే మంగళ లా చదువుతోంది, తన పాత గైడు ఇచ్చింది. అందులో వంతుల లెక్కలు చూసి నవ్వొచ్చింది. ఆరుగురు మనుషులు, ఆరు వంతులు, ఫలానావాడు ఫలానావాడికి ముందు, వీళ్లిద్దరూ పక్కపక్కన వద్దు. మా నల్లాయే. పప్పు ఉడికేలోపు నాలుగు చేసేదాన్ని. ఒక్కటే నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టింది. ఒక అతిథి గృహం, ఒకే స్నానాల గది, ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. నియమాలన్నీ అమర్చుకుంటూ పోతే ఆ ఆడవాళ్లలో ఒకరైన శ్రీమతి జోషి మొదటి వంతులోకి వచ్చి కూర్చుంది. అలా ఎలా ఉంటుందని కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆమే. చివరికి అంచున "అచ్చు తప్పు" అని రాసి మంగళకు చూపించాను.

"తప్పేమున్నది వదినా? జోషీయే మొదలు."

"ఆమె మొదలు పోతే మగోళ్లకు డ్యూటీ లేటు గాదా?"

"వాళ్లకు డ్యూటీ ఉన్నదని ఇండ్ల ఏడ రాసిండ్రు? ఆమెకు లేదని ఏడ రాసిండ్రు?"

చదివాను. ఎక్కడా లేదు. ఆ నియమం నేనే కలిపాను. సిగ్గేసింది, తర్వాత మండిపోయింది. తొమ్మిదేళ్లుగా నేను రాస్తున్న జాబితాలో మగవాళ్లు ముందు, పిల్లలు తర్వాత, అందరికంటే చివర నేను. తొమ్మిదింటికి నాకూ ఆఫీసుంది.

పరీక్ష ఆదివారం పడింది. మా ఆయన మేస్త్రీ. పాలమూరు నుంచి వచ్చి ఆయన కింద పనిచేసే పదిహేనుమంది నెలకో ఆదివారం మా ఖోలీలో తినిపోతారు. అది ఆ రోజే.

"పరీక్ష మల్ల రాస్కుంటవు తియ్" అన్నాడాయన. వయసు సంగతి ఆయనకు తెలుసు.

ఆదివారం ఏడున్నరకు చీర మార్చుకుని పెన్ను సంచిలో పెట్టుకుంటుంటే అత్త రాజవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఏడికే? వచ్చేటోళ్లకు బువ్వెవరు వండాలె?"

భయం లేదని చెప్పను. ఆయన మంచం మీంచి చూస్తున్నాడు.

"బియ్యం డబ్బల ఉన్నయి అత్తా. వాళ్లు పదిహేనుమంది, సైటు కాడ దినాం మూడు రాళ్లు పెట్టి వండుకునేటోళ్లే" అన్నాను. ఆమె మోకాళ్లు దాటి వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకున్నాను. "ఒంటిగంటకల్లా వస్త. నాక్కూడ ఇంత బువ్వ తీసి పెట్టమను."