బోటు లేని నీళ్ళు

యుద్ధకాలంలో మునిగిపోయిన ఆ సరుకు ఓడలోంచి చూడ్డానికొచ్చిన అతిథులందరినీ పైకి పంపించి, లోపల ఎవరూ మిగల్లేదని గది గదీ చూసుకున్నాకే ఆమె బయలుదేరింది. డైవింగ్ గైడుగా అది ఆమె పని. తోడుగా ఆడపడుచు ఉంది. అనుకున్న ప్రకారం కిందనుంచే తాడు కట్టిన నారింజ రంగు బెలూన్ వదిలారు. అది నీటిమీద కనిపించగానే బోటు వాళ్ళ దగ్గరికి రావాలి. బోటు నడిపేది ఆమె భర్త. ఊళ్ళో అందరూ అతన్ని కెప్టెన్ అంటారు.

ఇద్దరూ పైకి తేలారు. బోటు లేదు.

"ఇంజిన్ చెడిపోయిందేమో వదినా. లేకపోతే అన్నయ్య మనల్నొదిలి ఎందుకెళ్తాడు?"

ఒక పెద్ద అల వాళ్ళను ఎత్తింది. దూరంగా, మనుషులుండని ఒక చిన్న దీవి అంచున, తెల్లగా బోటు కదులుతూ కనిపించింది.

"అదిగో. చెడిపోయిన ఇంజిన్ చక్కగా నడుస్తోంది," అంది వదిన.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదివరకు కూడా అతను ఇలాగే చోటు వదిలి వెళ్ళాడు. అడిగితే "వచ్చేశాను కదా" అని నవ్వేసేవాడు. అప్పుడు ప్రవాహం లేదు. ఇవాళ ఉంది. అది వాళ్ళిద్దరినీ దీవికి దూరంగా, ఖాళీ సముద్రంలోకి లాక్కుపోతోంది.

తేలడానికి వీలుగా, నడుముకున్న సీసం బరువులు ఇద్దరివీ విప్పి వదిలేసింది. నీళ్ళలో తేల్చే తన గాలి జాకెట్టునీ ఆడపడుచు జాకెట్టునీ తాడుతో ముడేసింది. ఆడపడుచు ఏడుపందుకుంది.

"ఏడుపు ఒడ్డుకెళ్ళాక ఏడుద్దాం, ఇద్దరం కలిసే. ఇప్పుడు విజిలూదు."

ఊదింది. కాసేపాగి, "మీకు కోపమెక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది వదినా," అంది.

"ఇవాళ మాత్రం మీ అమ్మ మాట అక్షరాలా నిజం. ఊదు."

నోట్లో ఉప్పునీళ్ళు పడుతున్నా ఆడపడుచు నవ్వింది. అలసట ముంచుకొస్తున్న కొద్దీ వదిన బెలూన్‌ని ఇంకా ఎత్తి పట్టుకుంది. చేతులు లాగేస్తున్నాయి. కోపమే వాటిని నిలబెట్టింది.

ఎండ వాలుతుండగా బోటొచ్చింది. బెలూన్‌ని చూసింది కెప్టెన్ కాదు, అతిథుల్లో ఒక రిటైరైన నర్సు. కెప్టెన్ చెయ్యి అందించాడు. భార్య పట్టుకోలేదు, నిచ్చెన ఎక్కి వచ్చింది, వెనకే ఆడపడుచూ.

"ఎక్కడికెళ్ళిపోయారు మీరు? ఎంత వెతికామో తెలుసా?" అన్నాడతను.

"మేం ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళింది మీరు."

"అతిథులు దీవి మీద పక్షుల్ని ఫోటో తీసుకుంటామన్నారు. మీరింకా కిందే ఉంటారనుకున్నా." గొంతు తగ్గించాడు. "అందరిముందూ ఎందుకు? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడుకోడానికి ఇదేమైనా కూరలో ఉప్పా? సముద్రంలో వదిలేశారు. వీళ్ళనీ వదిలేసేవారే. వీళ్ళు వినాలి."

అతను చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే మీ వదినకి."

ఏ గొడవలోనైనా అన్నయ్య పక్షమే తీసుకునే ఆ పిల్ల, కాళ్ళకున్న ఈతరెక్కలు విప్పి అతని ముందు పడేసింది.

"ఏం చెప్పమంటావు? విజిలూది ఊది నా పెదాలు పగిలాయని చెప్పనా? మమ్మల్ని వెతికానన్నావు. మేం కనిపించలేదని రేడియోలో ఎవరికైనా చెప్పావా?"

అతను తల దించుకున్నాడు. రేడియోలో ఎవరికీ చెప్పలేదు. చెబితే లైసెన్సు పోతుందని భయపడ్డాడు. ఆ సంగతి అతను ఒప్పుకోనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది.

"లేవండి," అంది భార్య. అతను చుక్కాని దగ్గర సీటు ఖాళీ చేశాడు. తడి బట్టలతోనే కూర్చుని బోటు తిప్పింది. మర్నాడు చూడాల్సిన, మునిగిన రెండో ఓడ సంగతి అతిథులెవరూ అడగలేదు.

రేవు చేరగానే హార్బర్ ఆఫీసుకెళ్ళి జరిగింది జరిగినట్టు తనే చెప్పింది. అతని లైసెన్సు ఆ సీజనంతా ఆపేశారు. అత్తగారు ఫోన్ చేసి, మొగుడి నోటి దగ్గర కూడు తీసేశావని చివాట్లు పెట్టబోయింది. ఆడపడుచు ఫోన్ లాక్కుంది. "అమ్మా, నీళ్ళలో వదిన పక్కనున్నది నేను. నీ కూతుర్ని," అంది. అత్తగారు ఫోన్ పెట్టేసింది.

బోటుకి కొత్త డ్రైవరొచ్చాడు. కెప్టెన్ ఒడ్డునే డైవింగ్ వాళ్ళ గాలి సిలిండర్లు నింపుతున్నాడు. పని బాగానే చేస్తున్నాడు, మాట తగ్గించాడు. ఒకరోజు సిలిండర్ అందిస్తూ మెల్లగా అడిగాడు.

"ఇంకా కోపం పోలేదా?"

"లేదు," అంది ఆమె. "పోతే నేనే చెప్తాను." సిలిండర్ భుజానికెత్తుకుని బోటెక్కింది.