ఎక్కేటప్పటి ఉప్పు

కడప బస్టాండు ఎదురుగా బసవరాజు హోటల్లో రోజూ తెల్లవారుజామునే పొయ్యి రాజేసేది రత్నమణి. పేరు ఆయనది, పొగ ఈమెది. భర్త పోయాక పన్నెండేళ్లుగా బావగారి పంచన వందమందికి సంగటి గెలికి, పప్పు ఎనిపి పెట్టేది. దాన్ని ఆ ఇంట్లో ఆదరించడం అనేవాళ్లు.

బస్టాండులో ఏ బండి పొగ ఆమె పప్పుకుండను తాకినా, ఆ బండి ఇంజను సంగతి పప్పులో తెలిసేది. పెట్రోలు ఎక్కువ తాగుతుంటే ఉప్పు కషాయం. గాలి ఎక్కువ పీలుస్తుంటే చప్పన. డ్రైవర్లు ఒక ముద్ద తిని, చేయి కడుక్కుని, పోయి కార్బురేటర్ మర తిప్పుకునేవాళ్లు. పప్పు బాగాలేకపోతే బండిని తిట్టేవాళ్లు. బాగుంటే బండినే మెచ్చుకునేవాళ్లు.

చిక్కంతా డ్రైవరు ఓబులేసు బస్సుతో వచ్చింది. యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసుతో నడిచిన బస్సు అది. తర్వాత బొగ్గు పొయ్యిని పీకి పారేశారుగాని, నిప్పు రాజేసే పంకా మిగిలింది. రాయచోటి దారిలో గువ్వలచెరువు కనుమ ఎక్కలేక, మూడో మలుపులో జనాన్ని దించి తోయించుకునేది ఆ బస్సు. పంకాను బెల్టుతో ఇంజనుకు కట్టి కార్బురేటర్లోకి గాలి నెట్టిస్తే ఏనుగు బలం వస్తుందన్నాడు మెకానిక్ గిడ్డయ్య. కట్టాడు. గాలి పెరిగింది గదా అని పెట్రోలు రంధ్రమూ పెద్దది చేశాడు.

ఆ రోజునుంచి పప్పు నోట పెట్టేట్టు లేదు, అంత ఉప్పు. రంధ్రం తగ్గిస్తే పప్పు కుదిరేది, బస్సు కనుమలో దగ్గి చచ్చేది. పెంచితే మళ్లీ ఉప్పు, కనుమలో మళ్లీ దగ్గు. ఎనిమిది రోజులు ఇద్దరు మగవాళ్లు ఒకే మరను అటూ ఇటూ తిప్పి, తిప్పినప్పుడల్లా ఊరు గెలిచినట్టు బీడీ వెలిగించుకున్నారు. హోటలుకు జనం తగ్గారు. శుక్రవారంలోగా ఉప్పు కుదరకపోతే ప్రొద్దుటూరు నుంచి వంటమనిషి వస్తాడనీ, మరదలు తన దారి తాను చూసుకోవచ్చుననీ బసవరాజు చెప్పేశాడు. పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు లేని మనిషికి ఆ దారి ఎటుందో మాత్రం చెప్పలేదు.

గురువారం ఓబులేసు ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. రత్నమణి గరిటె పక్కన పెట్టింది.

"ఏమప్పా, నువ్వు ఈడ బస్సు నిలబెట్టి తింటాండావు, ఆడ కనుమెక్కుతాండావు. ఎక్కేటప్పుడు తినాల."

"ఎక్కేటప్పుడు పప్పు యాడిదక్కా?"

"నేను వస్తా పా."

బస్సు చివరి సీట్లో, పొగ తగిలేచోట, గాలి కొట్టే కిరసనాయిలు స్టవ్వూ కుండా పెట్టుకుని కూర్చుంది. పెట్రోలు బస్సులో స్టవ్వా అని ఇప్పుడైతే నోరు నొక్కుకుంటారు. డ్రైవరు నోట్లో బీడీ, జనం ఒళ్లో కోళ్లు ఉన్న రోజుల్లో స్టవ్వొక లెక్కా.

ప్రయాణికులందరికీ మలుపు మలుపుకూ అరచేతిలో ఇంత పప్పు వేసింది. చదును దారిలో ఉప్పు. మొదటి మలుపులో సరిగ్గా ఉందన్నారు. రెండోదానికి ఉప్పు జారింది. మూడో మలుపులో ఇంజను దగ్గింది. కోడిపెట్టను చంకలో పెట్టుకున్న వెంకటలక్ష్మమ్మ అనే ముసలామె, గడ్డి నమిలినట్టుండాదని చేయి విదిలించింది. అలవాటుకొద్దీ అందరూ దిగారు.

చప్పనైందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. వెంట వచ్చిన గిడ్డయ్య ఒప్పుకోలేదు. రంధ్రం అంత పెద్దది చేస్తే పెట్రోలు తక్కువెట్లా అవుతుందని వాదించాడు. రత్నమణి మంట తగ్గిన స్టవ్వుకు గాలి కొడుతూ కొడుతూ ఆగింది.

"గిడ్డన్నా, ఈ స్టవ్వుకు నేను గాలి యాడ కొడతాండా? మంట మీదనా, నూనె మీదనా?"

"నూనె మీద."

"నువ్వు మంట మీద కొడతాండావు. గాలి నోటికాడ అడ్డం కూర్చుంటే పెట్రోలు ఎట్లొస్తాది? దాని గిన్నెకూ ఇంత గాలి ఈయల్ల గదా."

గిడ్డయ్య నోట్లో బీడీ ఆరిపోయింది. సీటు కింద పడున్న పాత రాగి గొట్టం తీశాడు. పంకా గాలిని పాయలు చేసి ఒకటి పెట్రోలు ట్యాంకులోకి, ఒకటి కార్బురేటర్ గిన్నెలోకి ఇచ్చాడు. అతుకులకు సబ్బు మెత్తి గుడ్డ చుట్టాడు. రంధ్రాన్ని పాత కొలతకు తెచ్చాడు.

బస్సు అందరినీ కూర్చోబెట్టుకుని ఎక్కింది. మూడో మలుపు కూర్చుని చూడటం ఆ జనానికి అదే మొదలు. ఆనాటివాళ్లలో మిగిలిన ముసలివాళ్లు ఇప్పటికీ ఆ మలుపు రాగానే, దిగాలేమోనని చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటారు.

పైన, ఇంజను చల్లారడానికి ఆపినచోట, అందరూ తిన్నారు. తిని మళ్లీ చేయి చాపారు. రత్నమణి మోరీ గట్టుమీద కూర్చుని వాళ్లతోపాటే వేడిగా తినింది. కింద ఇంకో లారీ ఏడుస్తూ ఎక్కుతోంది.

తిరుగు ట్రిప్పులో ఇంటికాడ దించి, ఉప్పు కుదిరినాదని మీ బావకు నేనే చెప్తానన్నాడు ఓబులేసు. ఆమె లేచి చేయి కడుక్కుంది. స్టవ్వూ కుండా బస్సులోంచి దించమంది. అతను దించాడు.

"సాయంత్రం రాయచోటినుంచి వచ్చేటప్పుడు రాగిపిండి ఒక మూట ఏసుకరా."

"అంగట్లో ఎవురికని చెప్పాలక్కా?"

"రత్నమణి హోటలుకని చెప్పు."