ఒకే కొలతకు రెండు జాకెట్లు

మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరికీ తుమ్ములతోనే తెల్లవారేది. ముందు నాయనమ్మ కోటిరత్నం తుమ్మేది. తర్వాత ఆమె కొడుకులు వెంకటనారాయణ, త్రినాథ్. ఆ తర్వాత కోడళ్ళు, చివరికి పిల్లలు. టీ తాగి మగవాళ్ళు ఇంటి వెనక కళ్ళంలోకి వెళ్ళి, మంచు పడకుండా కప్పిన పట్టాలు తీసేవాళ్ళు. సాయంత్రం కూలికి ఎలీసమ్మ వచ్చి, కాయ మెత్తబడేలా నీళ్ళు చిలకరించి, గోతంలోకి దిగి తొక్కేది. అలా తొక్కి నింపిన మిరపకాయల గోతాన్ని టిక్కీ అంటారు.

ఎలీసమ్మ చూడడానికి సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉండేది. కానీ ఆమె తొక్కితే గోతంలో ఇంకొకరు తొక్కినదానికి రెట్టింపు కాయ పట్టేది. పుట్టినప్పటి నుంచీ ఆసాములు అన్న మాటలన్నీ ఆమె ఎముకల్లో ఉన్నాయి మరి. ఆ ఊళ్ళో మాటకు బరువుండేది. ఒకరిని ఒక మాట అంటే, అన్నవాళ్ళ ఒంట్లోంచి ఆ కాస్త బరువు దిగి, పడ్డవాళ్ళ ఒంట్లోకి ఎక్కేది. కొందరికి ఎముకల్లో చేరేది, కొందరికి కండలో. అదేమంత చెప్పుకోదగ్గ విషయమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. పొద్దున్నే కూలివాళ్ళని నాలుగు తిట్టి, ఒళ్ళు తేలికపడిందనుకుంటూ పొలం వెళ్ళేవాళ్ళు. పైవాడి భారం కిందివాడి మీదికి దిగడం లోకమంతటా ఉన్నదే. ఆ ఊళ్ళో అయితే కాటా మీద ముల్లు కదిలి కనపడేది.

వెంకటనారాయణ కూతురు తేజశ్రీ పుట్టడమే బొద్దుగా పుట్టింది. ఆ బొద్దు తన సొంతం. ఆ తర్వాత చేరింది మాత్రం ఊరి సొమ్ము. నాయనమ్మ రుబ్బురోలు అని ముద్దుగా మొదలుపెట్టింది. కాన్వెంటు బస్సు డ్రైవరు, టైరు మీద సీట్లో కూర్చోవద్దమ్మా, పంచరవుతుందని రోజూ నవ్వించేవాడు. ఆరో తరగతి దాకా తేజశ్రీ టెన్నికాయిట్ బాగా ఆడేది. రింగు ఎటు వచ్చి పడుతుందో ఎదుటివాళ్ళ చెయ్యి కదలకముందే తెలిసిపోయేది. ఎగిరి పట్టినప్పుడల్లా వెనక నుంచి భూకంపం, భూకంపం అని కేకలు వేస్తుంటే మానేసింది. మానేశాక సాయంత్రాలు గడ్డివాము వెనక ఒక్కతే కూర్చుని, పరికిణీలో దాచి తెచ్చుకున్న జంతికలు చప్పుడు కాకుండా నానబెట్టినట్టు నోట్లో ఉంచుకుని తినేది.

వెంకటనారాయణకి కూతురంటే ప్రేమ లేక కాదు. సిగ్గు పుడితేనే తగ్గుద్దని ఆయన నమ్మకం. పత్తి మీద పురుగుకి మందు కొట్టినట్టే పిల్లకి మాట తగలాలి, పని చెయ్యకపోతే డోసు పెంచాలి. ఆ నేలలో ఆ మందు ఎన్ని ఇళ్ళని ఏం చేసిందో కళ్ళారా చూసినవాడే, ఇంట్లో మళ్ళీ అదే వ్యవసాయం చేశాడు.

త్రినాథ్ కూతురు మాధురి, తేజశ్రీ కన్నా కొన్ని నెలలు చిన్న. చింతబరికెలా ఉండేది. త్రినాథ్ కూతుర్ని ఒంటి చేత్తో ఎత్తి ట్రాక్టరు మీద కూర్చోబెట్టేవాడు. అది చూసినప్పుడల్లా తేజశ్రీకి నోట్లో పచ్చి వక్క నమిలినట్టుండేది. మాధురి మూడు గారెలు తింటే పాపం ఏమీ తినదంటూ నాలుగోది వేసేవాళ్ళు. తేజశ్రీ ఒకటి తీసుకుంటే ఇంటిల్లిపాదీ ఆ చేతినే చూసేవాళ్ళు. మాధురి రిబ్బన్లు, మాధురి మోచేతులు, మాధురి నడుస్తుంటే చప్పుడు కాని మెట్లు, అన్నీ తేజశ్రీకి కంఠతా వచ్చు. ఒకసారి మాధురికి జ్వరం రావాలని మొక్కుకుంది. వచ్చింది. ఇల్లంతా మంచం చుట్టూ చేరి బత్తాయి రసం తాగిస్తుంటే, ఆ జ్వరం మీద కూడా కుళ్ళు పుట్టింది.

మాధురి ఒకప్పుడు అక్కా అనే పిలిచేది. ఒకరోజు ఎలీసమ్మ నింపిన గోతం పక్కన తేజశ్రీ నిలబడి ఉంటే, రెండిటినీ చూసి టిక్కీ అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచీ ఇంట్లో, బస్సులో, బడిలో అదే పేరయింది. అన్న ప్రతిసారీ మాధురి మరింత తేలికయ్యేది. చూశారా, పిల్లంటే అలా ఉండాలని మెచ్చుకునేవాళ్ళు. ఆ సన్నదనం ఎక్కడి నుంచి వస్తోందో, దాని బరువు ఎవరు మోస్తున్నారో అడిగినవాడు లేడు.

ఆ వేసవిలో ఇద్దరికీ ఓణీల ఫంక్షన్ చెయ్యాలనుకున్నారు. ఒకే పందిరి, పక్కపక్కనే రెండు పీటలు, వీడియో. తేజశ్రీ జీవితంలో ఏదైనా కావాలని అడిగింది అంటే ఆ పీట ఒక్కటే. అందరూ వరసగా వచ్చి అక్షింతలు వేస్తారు. మెచ్చుకోకపోయినా పేరు పెట్టి దీవిస్తారు. అలా తన అసలు పేరు వినాలని ఆ పిల్ల కోరిక.

కొలతలకి దర్జీ మాబు సాహెబ్ వచ్చినప్పుడు వెంకటనారాయణ ఆయన చేతిలోని టేపు ఆపాడు.

"దానికి తియ్యబాక. రెండూ మాధురి కొలతకే కుట్టు. నెలరోజులుంది. కళ్ళెదురుగా తగిలిస్తే రోషమన్నా వస్తుంది. పట్టిందా, ఇద్దరూ కూర్చుంటారు. పట్టలేదా, మాధురి ఒక్కతే కూర్చుంటుంది."

మాబు సాహెబ్ తేజశ్రీ వైపు ఒకసారి చూసి, సరేనండి అన్నాడు.

కనకాంబరం రంగు జాకెట్టు నడవాలో మేకుకి తగిలించారు. ఫంక్షన్ పనుల మీద వచ్చినవాళ్ళంతా ముందు దాన్ని, తర్వాత తేజశ్రీని చూసి తలా ఒక మాట అని వెళ్ళేవాళ్ళు. గుమ్మం దిగేటప్పుడు వాళ్ళ అడుగులు తేలిగ్గా పడేవి. తేజశ్రీ రాత్రి అన్నం మానేసింది. మజ్జిగ తాగి పడుకుంది. అయినా ఉదయం కాటా ఎక్కితే ముల్లు నిన్నటికన్నా ముందుకే పోయేది. కాయ తొక్కుతున్న ఎలీసమ్మని, నీకు బరువుగా ఉండదా అని ఒకసారి అడిగింది.

"ఎందుకుండదు తల్లీ. మేం తిరిగి అనేవాళ్ళం కాదుగా. ఏడకి పోద్ది?" అని ఎలీసమ్మ తొక్కుడు ఆపకుండానే చెప్పింది.

ఫంక్షన్ ముందురోజు తొడిగి చూశారు. జాకెట్టు మోచేతుల దగ్గరే ఆగిపోయింది. తండ్రి జాకెట్టు మడిచి బీరువాలో పెట్టమన్నాడు. తేజశ్రీ కళ్ళంలోకి వెళ్ళి కాయల కుప్ప పక్కన కూర్చుంది.

మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్నారు. గోడ నీడన ఎలీసమ్మ అన్నం తింటోంది. మాధురి కొత్త లంగా ఓణీ కట్టుకుని, గాజులు గలగలలాడిస్తూ చూపించుకోడానికి వచ్చింది. తేజశ్రీ చూడలేదు. చూడకపోవడం మాధురికి నచ్చలేదు.

"టిక్కీ, రేపు కెమెరా వైపు రాబాకే. నువ్వొస్తే ఫోటోలో నేను పట్టను."

అంతకన్నా పెద్ద మాటలు ఆ నెలలో చాలానే పడ్డాయి. కానీ మాధురి ఒంట్లో ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ మాటతో చివరిది కూడా దిగిపోయింది. మడమలు నేల వదిలాయి. అప్పుడే కళ్ళం మూల నుంచి సుడిగాలి లేచి, గింజల్నీ తొడిమల్నీ చుట్టుకుంటూ వచ్చి, వాటితోపాటు మాధురినీ ఎత్తింది. కుప్ప ఎత్తు లేచింది, పాక ఎత్తు లేచింది. నోరు తెరిచింది గానీ కేక రాలేదు.

తేజశ్రీ చెయ్యి ఆలోచించలేదు. రింగు ఎటు వస్తుందో తెలిసిన చెయ్యి అది. ఎగిరి ఓణీ కొంగు పట్టేసింది.

పట్టాక ఆలోచన వచ్చింది. తొయ్యక్కర్లేదు, వదిలేస్తే చాలు. పీటలు రెండూ ఖాళీ అవుతాయి. నడవాలో, బస్సులో, ట్రాక్టరు మీద అంతా ఖాళీ. పైన మాధురి గాలిపటంలా కొట్టుకుంటోంది. ఒక తిట్టు విసిరినా దిగుతుందని తేజశ్రీకి తెలుసు. ఏళ్ళ తరబడి దాచుకున్న తిట్లున్నాయి. నోరు తెరిస్తే మాత్రం వాటి కిందున్నది వచ్చింది.

"నువ్వంటే నాకు కుళ్ళు," అంది.

మాధురి జానెడు కిందికి దిగింది.

"బాబాయ్ నిన్ను ట్రాక్టరెక్కించినప్పుడల్లా అది తిరగబడాలనుకుంటా. నీకు జ్వరం రావాలని మొక్కుకున్నది నేనే. నువ్వు నిద్రపోయాక నీ గాజులు తొడుక్కోబోతే నాకు ఎక్కలేదు. నీ జాకెట్టు చూస్తే చింపెయ్యాలని ఉంటది." ఒక్కో మాటకీ మాధురి కిందికి వస్తోంది. తేజశ్రీ చేతిలో కొంగు వదులవుతోంది. "నువ్వు నన్ను అక్కా అని పిలిచి ఎన్నాళ్ళయిందో నీకు గుర్తుందా? అదే అన్నిటికన్నా…"

ఆ చివరిదాంతో మాధురి కాళ్ళు కాయల్లో చీలమండల దాకా దిగబడ్డాయి. అక్కడే కూలబడింది. కాసేపు లేవలేకపోయింది.

"ఇంత బరువేంటి?" అంది ఏడుస్తూ.

"ఇది కొంచెమే," అంది తేజశ్రీ.

ఎలీసమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి చూసి, కాయంతా తొక్కి నలిపేశారు గదమ్మా, సాయంత్రం నన్నంటారు అని విసుక్కుంటూ ఏరడం మొదలుపెట్టింది. మాధురి వంగలేక వంగి, ఆమెతోపాటు ఏరింది.

మర్నాడు మాధురికి జాకెట్టు హుక్కులు పట్టలేదు. నిన్న సరిపోయిందేనని తల్లి కంగారుపడింది. బయట సన్నాయి మొదలైంది. మాబు సాహెబ్ని పిలిపించారు. ఆయన కుట్లు విప్పబోతుంటే మాధురి బీరువా తెరిచి రెండో జాకెట్టు తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"ముందు అక్కది విప్పండి సాయిబు గారూ. అక్క కూర్చోకపోతే నేను కూర్చోను."

వెంకటనారాయణ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మాబు సాహెబ్ తలెత్తి ఆయన వైపు చూశాడు. వెంకటనారాయణ కూతుర్ని చూశాడు, మాధురి నిలబడ్డ తీరు చూశాడు. ఏదో అనబోయి, విప్పు అని మాత్రం అన్నాడు. లోపల మడిచిన గుడ్డంతా వదిలి, చంకల దగ్గర ఓణీ ముక్కలు అతికించి, సన్నాయి రెండో పాట అందుకునేలోపు రెండూ అయ్యాయి.

తేజశ్రీ ఏమీ సన్నబడిపోలేదు. తన ఒళ్ళు తనకుంది. మాధురికి చేరిన కాస్త తప్ప ఊరి సొమ్ము కూడా చాలావరకు ఉంది. కనకాంబరం రంగు జాకెట్టుతో పీట మీద నిండుగా కూర్చుంది. పక్క పీట మీద మాధురి, తొలిసారి పీట కిర్రుమనేలా కూర్చుంది.

అందరికన్నా ముందు అక్షింతలు వెయ్యాల్సింది నాయనమ్మ. కోటిరత్నం పళ్ళెం దగ్గరకి వచ్చి, రెండు పీటలనీ చూసి, అలవాటుగా నవ్వి, "ఏమే రుబ్బు…" అని మొదలుపెట్టింది. చీర కుచ్చిళ్ళ కింద ఆమె మడమలు లేచాయి. గబుక్కున పందిరి రాట పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరి కాళ్ళ వైపు వాళ్ళు చూసుకున్నారు.

సగం మాట మింగింది కోటిరత్నం. మింగాక కాళ్ళు నేలకి ఆనాయి. రాట వదల్లేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకునే, రెండో చేత్తో గుప్పెడు అక్షింతలు తీసి పెద్ద మనవరాలి తల మీద చల్లింది.

"తేజశ్రీ," అంది. "చల్లగా ఉండు."