పెద్దదాని చుక్కలు

ఏడో నెలలోనే పుట్టేసిన ఆ కవల ఆడపిల్లల్ని బతికించింది సింహాచలమ్మే. ఆ మాట కాదనడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాదు. తొంభైతొమ్మిది తుపానుకు ఉద్దానం జీడితోటలు కూలిన ఏడది. టెక్కలి ఆసుపత్రి నుంచి తెచ్చిన దగ్గర్నుంచీ ఆవిడా, కోడలు ధనలక్ష్మీ చెరో పిల్లను పాత చీరలో చుట్టి రొమ్ముకు హత్తుకునే తిరిగారు. ఎలకపిల్లల్లా ఉన్నారని పెదవి విరిచినవాళ్లే, రెండు నెలలు తిరిగేసరికి బుగ్గలొచ్చాయన్నారు.

అంతలో పెద్దదానికి నోటి చుట్టూ ఎర్రగా పొక్కింది. తర్వాత పిర్రల దగ్గర. విరేచనాలు కూడా పట్టుకున్నాయి.

"అమ్మోరు పోసిందే!" అంటూ సింహాచలమ్మ గుమ్మానికి వేపమండలు కట్టేసింది. ఇంట్లో పోపు మానేశారు. పసుపునీళ్లు, చల్దన్నం నైవేద్యం మొదలయ్యాయి.

"పలాస ఎల్దుం అత్తా, డాక్టరుకి సూపిద్దుం" అంది ధనలక్ష్మి.

"నీకు మతుందేటి? అమ్మోరు ఇంట్లో ఉండగా మందు తాగిత్తావా? కోపమొత్తే ఇద్దర్నీ అట్టుకుపోద్ది."

ఇద్దర్నీ అన్న ఆ ఒక్క మాటకే ధనలక్ష్మి చిన్నదాన్ని హత్తుకుని వెనక్కి తగ్గింది. ఎంత దిక్కుమాలిన భయమో చూడండి, కన్నతల్లే ఊరుకుంది! పిల్లకి జుట్టు రాలింది, ఏడ్చే ఓపికా పోయింది. ఒక పొద్దున నాయనమ్మ ఒళ్లోనే చల్లబడిపోయింది. "తల్లీ, సల్లగా సూత్తావనుకున్నానే!" అని సింహాచలమ్మ ఆ వేపమండల కిందే తల బాదుకుంది.

నెల తిరక్కుండా చిన్నదాని నోటి చుట్టూ అదే ఎరుపు.

ఈసారి ధనలక్ష్మి ఎవర్నీ అడగలేదు. అత్త వేపమండలు విరుచుకొచ్చేలోగా పిల్లను కొంగులో చుట్టుకుని పలాస బస్సెక్కేసింది.

డాక్టరమ్మ పిల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది అమ్మోరు కాదమ్మా, ఒంట్లో జింకు తక్కువైంది. కడుపులో ఆఖరి నెలల్లో పిల్లలు దాన్ని పోగేసుకుంటారు. నీ పిల్ల ముందే వచ్చేసింది. నీ పాలల్లో ఉన్నది దానికి చాలటం లేదు. చుక్కలిస్తాను, తగ్గిపోతుంది" అంది.

వారం కూడా పట్టలేదు. మచ్చయినా మిగల్లేదు. ఇరుగుపొరుగు సంబరపడ్డారు గానీ, ధనలక్ష్మి మాత్రం ఆ నున్నటి బుగ్గ చూసి, పెద్దది పోయిన రోజు కన్నా ఎక్కువ ఏడ్చింది. ఇంతేనా? ఇంత చిన్న పనికా నా పిల్ల పోయింది?

ఇక చాలని డాక్టరమ్మ చెప్పిన నాటికి సీసాలో మందు మిగిలే ఉంది. సింహాచలమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.

"సగం మిగిలిపోనాదే, ధనలచ్చిమీ. ఏటి సేద్దుం?"

"అది పెద్దదాని వాటా అత్తా."

సింహాచలమ్మ ఆ సీసాను పాత చీర కొంగులో చుట్టి, రొమ్ముకు హత్తుకుని కూర్చుండిపోయింది.